రెండు సెంట్ల వరి

తెనాలి,
2025 జూన్ 4.

చిట్టిబాబుకి అక్క దీవెనలు. మరదలు మాణిక్యాన్ని కూడా అడిగానని చెప్పు.

నా తుంటి ఎముక అతుక్కుందని డాక్టరు అన్నాడు. ఆ సంగతి నా తుంటికి మాత్రం ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు. నాలుగు కాళ్ళ ఊతకర్ర పట్టుకుని వంటింటికీ వసారాకీ మధ్య తిరుగుతున్నాను. గడప దాటి నాలుగు నెలలయింది. ముప్పై ఆరేళ్ళు బడిలో పిల్లల్ని కదలకుండా కూర్చోమన్నందుకు ఇప్పుడు అనుభవిస్తున్నానని నీ మేనకోడలు క్రిస్టినా వెక్కిరిస్తోంది.

ఫోను చేద్దామంటే నీకు వినపడదు. మాణిక్యానికి చెబితే సగం మింగేసి మిగతా సగం నీకు సైగల్లో చెబుతుంది. ఆయిలింజను పక్కన పదిహేనేళ్ళు కూర్చుని చెవులు పోగొట్టుకున్నవాడికి ఉత్తరమే దిక్కు. కాబట్టి కళ్ళజోడు పెట్టుకుని ఓపిగ్గా చదువు.

మన పొలం సంగతి. మురుగు కాలవ పక్కనున్న భూముల్లో ఉప్పు తేలుతోందని ప్రభుత్వం వాళ్ళు భూసార రక్షణ పథకం అని ఒకటి పెట్టారట. మూడేళ్ళ పాటు ఏ పంటా వెయ్యకుండా, జీలుగ చల్లి దున్నేసి, నేలని అలా వదిలేస్తే ఏడాదికింత అని పొలం గలవాళ్ళ ఖాతాలో వేస్తారు. క్రిస్టినా బాపట్లలో తను పనిచేసే కాలేజీలో ఎవరో చెబుతుంటే విని, కంప్యూటరులో నా పేరున దరఖాస్తు పెట్టేసింది. మొన్న మంజూరయిందని కబురొచ్చింది.

ముప్పై రెండేళ్ళు ఆ నేలతో కుస్తీ పట్టావు. పోయినేడు నడుము పట్టేసి గట్టు మీదే కూలబడ్డావని మాణిక్యం ఏడ్చింది. మూడేళ్ళు హాయిగా కూర్చోరా. వచ్చే డబ్బుకి నేనొక పని పెట్టుకున్నాను. అదేంటో ఇప్పుడు చెప్పను. చెబితే నువ్వు వద్దంటావు.

నా జీతంతో కొన్నాడని నాన్న పొలం నా పేరున రాయించినా, "పేరు అక్కది, పాట్లు తమ్ముడివి" అంటూ ఉండేవాడు, గుర్తుందా? ఆ పాట్లు కొన్నాళ్ళు ఆగుతాయని నాకు చాలా సంతోషంగా ఉంది.

నీ అక్క,
సుందరమ్మ.


పెనుమూడి,
జూన్ 19.

అక్కకి,

ఉత్తరం అందింది. మేం బాగున్నాం. మీరు బాగుండాలని ప్రభువుని అడుగుతున్నాం.

నీ ఉత్తరం రాకముందే నాకు తెలిసింది. సచివాలయం గోడ మీద పథకం జాబితా అంటించారు. నీ పేరు పదకొండో వరుసలో ఉంది. ఎకరం డెబ్బై సెంట్లు. సాగుదారు అన్నచోట "యజమాని స్వయంగా" అని ఉంది. నేను రెండుసార్లు చదివాను. నా పక్కన పురుషోత్తం గారు నిలబడి ఉన్నారు, మన గట్టు పక్క పొలం ఆయనది. ఆయన కూడా చదివి, నా వంక చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఏమైనా అన్నారేమో. అన్నా నాకు వినపడదు కదా.

పొలం నీది, నీ ఇష్టం. విత్తనాలకి ఇచ్చిన బయానా వెనక్కి తీసుకున్నాను. జీలుగ చల్లుతాను.

నడుము బాగానే ఉంది. పోయినేడు పట్టేసింది ఒక్క రోజు.

కోత పండుగ సంగతి నువ్వు ఆలోచించావో లేదో. అది ఒక్కటే అడగాలనిపించింది.

చిట్టిబాబు.


తెనాలి,
జూన్ 30.

చిట్టిబాబుకి,

నీ ఉత్తరం చదివి నాకు అన్నం సయించలేదు. "పొలం నీది, నీ ఇష్టం" అంటావా? ఆ మాట అనిపించుకోడానికా నిన్ను ఎత్తుకుని పెంచింది?

"స్వయంగా" అని నేను రాయమనలేదు. ఆ దరఖాస్తులో రెండే గళ్ళున్నాయట. స్వయంగా, లేదా కౌలు. కౌలు అంటే కౌలు కాగితం అడుగుతుంది. అక్కాతమ్ముళ్ళ మధ్య కాగితం ఏముంటుంది? క్రిస్టినా ఫోను చేసి "ఏం పెట్టనమ్మా?" అంటే, "ఏదో ఒకటి పెట్టు, మన ఇంటి విషయమే కదా" అన్నాను. అంతకన్నా ఏం లేదు. కాగితం మీద మాటకి ఇంత బాధ పడతారా ఎవరైనా?

కోత పండుగ కానుక గురించి అడిగావు. నేనెప్పుడైనా ఎగ్గొట్టానా? ఈసారి ముందే పంపిస్తున్నాను, కవరులో ఐదు వందలున్నాయి. మన పాస్టరు అయ్యగారికి ఇచ్చి నా పేరున వెయ్యమను. పండుగ జనవరిలో అయితే జూన్లోనే తొందర పెట్టావేంటి అని నవ్వుకున్నాను.

ఈ ఏడాది బియ్యం బస్తా తీసుకుని రాలేవని బెంగ పెట్టుకోకు. బజార్లో కొనుక్కుంటాను. నువ్వు మాత్రం రా. నీతో పలక మీద రాసి మాట్లాడి ఏడాదయింది. పలక కడిగి పెట్టాను.

అక్క.


పెనుమూడి,
ఆగస్టు 27.

అక్కకి,

ఆలస్యంగా రాస్తున్నాను, ఏమీ అనుకోకు. ఊళ్ళో లేం. మాణిక్యం పుట్టిల్లు కర్లపాలెంలో నాట్లకి మనుషులు కావాలంటే ఇద్దరం ముఠాతో వెళ్ళాం. తను నాట్లు వేసింది. నేను నారు కట్టలు మోశాను. ముప్పై రెండేళ్ళ తర్వాత మళ్ళీ ఇంకొకరి పొలంలో దిగితే కాళ్ళు కొత్తగా అనిపించాయి. కర్లపాలెం నేల మంచిది, మన నేలలాగ పట్టుకుని లాగదు.

కూర్చోమన్నావు. కూర్చుంటే ఎలా గడుస్తుంది అక్కా?

జీలుగ నడుమెత్తు వచ్చింది. పూత మొదలవగానే దున్నించాను. నీళ్ళు పెట్టాను. నల్లగా కుళ్ళుతోంది. పొలం ఖాళీగా ఉండటం చూస్తే మాత్రం ఏదోగా ఉంది. పొద్దున్నే అలవాటు కొద్దీ పార భుజాన వేసుకుని గట్టు దాకా వెళ్ళి, చెయ్యడానికి ఏమీ లేక తిరిగొస్తున్నాను. పార మాత్రం మానకుండా తీసుకెళ్తున్నాను. ఒట్టి చేతులతో వెళ్తే జనం అడుగుతారు.

ఊళ్ళో అనుకుంటున్నారు. సుందరమ్మ టీచరు గారు బాపట్లలో కూతురికి స్థలం కొంటున్నారట, ఆ డబ్బు దానికేనట అని మాణిక్యంతో ఎవరో అన్నారు. కొంటే మంచిదే. క్రిస్టినాకి కూడా సొంత ఇల్లు ఉండాలి. నాకు చెబితే వద్దంటానని ఎందుకు అనుకున్నావో తెలియదు.

కానుక అయ్యగారికి ఇచ్చాను. నేను అడిగింది అది కాదు. పోనీలే.

తెనాలి రావాలనే ఉంది. బస్తా లేకుండా ఎప్పుడూ రాలేదు. ఒట్టి చేతులు ఊపుకుంటూ ఎలా రాను?

చిట్టిబాబు.


తెనాలి,
నవంబరు 8.

చిట్టిబాబుకి,

నీ ఆగస్టు ఉత్తరానికి జవాబు రాయకుండా ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. నాకూ కోపం వస్తుంది. బాపట్లలో స్థలమట. నా తమ్ముడు నా మాట వదిలేసి ఊరి మాట నమ్మాడు. పలక కూడా తీసి అటక మీద పెట్టించాను.

ఇప్పుడు రాయక తప్పడం లేదు. నిన్న ఆ పథకం ఆఫీసు నుంచి ఫోను. పైనుంచి తీసిన మన పొలం ఫోటో చూశారట. తూర్పు మూల పచ్చగా ఉంది, వరి వేశారు, మూడేళ్ళు ఏ పంటా వెయ్యబోమని సంతకం పెట్టి ఇదేంటి టీచరు గారూ అని అడిగారు. లేదండి, మా తమ్ముడు అలాంటి పని చెయ్యడండి అన్నాను. మీ పొలమో కాదో చూసుకోండి అని, ఆ ఫోటో క్రిస్టినాకి పంపించారు. మన పొలమే. మన కొబ్బరి చెట్టు నీడ పడి ఉంది.

ఎందుకు చేశావురా? నా మీద కోపం ఉంటే నన్ను తిట్టు. నా సంతకానికి విలువ లేకుండా చేస్తావా? పదిహేడో తేదీన తనిఖీకి వస్తారట. అప్పటికి ఆ ముక్క అలాగే ఉంటే పథకం రద్దు చేసి, ఇచ్చింది వెనక్కి కట్టమంటారు. కట్టడానికి నా దగ్గర లేదు.

ఎందుకు లేదో కూడా చెప్పేస్తాను. దాచి మంచి పని చేద్దామనుకున్నాను, అది కాస్తా చెడింది. మొదటి ఏడాది డబ్బుకి ఇంకొంచెం కలిపి నీకు చెవి మిషను కొన్నాను. రెండు చెవులకీ. పోయినేడు నువ్వొచ్చినప్పుడు ఇక్కడ చెవుల డాక్టరు నిన్ను గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేశాడే, ఆ కాగితం చూపించి తెప్పించాను. అందుకే వద్దంటావన్నాను. నీకోసం పైసా ఖర్చు పెట్టినా పడదు కదా నీకు. క్రిస్టినా వచ్చే నెల తెచ్చి ఇస్తుంది. బాపట్లలో స్థలమూ లేదు, ఇల్లూ లేదు.

ఆ వరి వెంటనే దున్నించెయ్. నా మాట మీద ఏమాత్రం గౌరవం మిగిలి ఉన్నా పదిహేడు లోపు చెయ్యి.

సుందరమ్మ.


పెనుమూడి,
నవంబరు 15.

అక్కకి,

దున్నేశాను.

రెండు సెంట్లకి ట్రాక్టరు ఎవరూ రారు. పారతో నేనే తిరగేశాను. ఉదయం మొదలుపెడితే మధ్యాహ్నానికి అయింది. కంకులు పాలు పోసుకుంటున్నాయి. పోయిన నెల తుపానుకి పక్కన పురుషోత్తం గారి వరి అంతా పడిపోయింది, ఇది మాత్రం పడలేదు. ఆయన గట్టు మీద నిలబడి చేతులు ఊపుతూ ఏదో అన్నారు. ఏంటని అడగలేదు.

తనిఖీకి వచ్చేవాళ్ళకి అంతా బీడే కనపడుతుంది. భయపడకు.

నీ సంతకం పోగొట్టాలని చెయ్యలేదు.

క్రిస్టినాని రమ్మను. వచ్చినప్పుడు చేపల పులుసు పెడతాం, దానికిష్టం.

చిట్టిబాబు.


తెనాలి,
డిసెంబరు 16.

నా తండ్రీ, చిట్టిబాబూ,

క్రిస్టినా మీ ఇంటి నుంచి వచ్చి నా మంచం మీద కూర్చుని ఏడ్చింది. నువ్వు పొలం వెళ్ళినప్పుడు మాణిక్యం దానికి అంతా చెప్పిందట. "మీ అమ్మకి కోపం వస్తే వచ్చిందిగాని, నేను దాచలేనే. ఆయన ఆ వరి తినడానికి వేసింది కాదే. కోత పండుగకి పన పెట్టడానికి. ముప్పై రెండేళ్ళలో ఒక్క ఏడు కూడా మానలేదే" అందట.

అమ్మ చేసేది నాకు గుర్తుంది. మొదట కోసి కట్టిన పన మేరీ పిన్ని వాళ్ళ పనల కన్నా లావుగా ఉండాలని నాన్నని సతాయించేది. వసారా దూలానికి వేలాడదీసి, పండుగనాడు తీసుకెళ్ళి గుళ్ళో బల్ల ముందు పెట్టేది. పెళ్ళయి నేను తెనాలి వచ్చేశాక ఒక్క కోత పండుగకి కూడా రాలేదు. అమ్మతోనే ఆ ఆచారం పోయిందనుకున్నాను. నువ్వు జరుపుతున్నావని నాకు తెలియదు. కోత పండుగ సంగతి అడిగితే ఐదు వందలు కవరులో పెట్టి పంపాను! చదువుకున్నదాన్ని, నలుగురికి చెప్పినదాన్ని.

ఇంకొకటి కూడా చెప్పింది మాణిక్యం. అది విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. అయ్యగారు ఏ పొలం నుంచి ఏ పన వచ్చిందో పేర్లు చదువుతారట కదా. ముప్పై రెండేళ్ళూ నువ్వు నీ పేరు చెప్పలేదట. "సుందరమ్మ టీచరు గారి పొలం నుంచి ప్రథమ ఫలం" అని చదివించావట. నేను నీ పేరు ఒక గడిలో రాయించలేకపోయాను. ఏదో ఒకటి పెట్టు అన్నాను.

ఎందుకు చెప్పలేదురా? అడగందే అమ్మయినా పెట్టదంటారు, నేను అక్కనే కదా. ఒక్క ముక్క రాసి ఉంటే ఆ ఆఫీసు వాళ్ళ కాళ్ళు పట్టుకునైనా ఆ రెండు సెంట్లు ఆపేదాన్ని. పాలు పోసుకున్న వరిని నీ చేత తిరగేయించాను. ఇది నేను చచ్చేదాకా పోదు.

తనిఖీ వాళ్ళు తృప్తిగా వెళ్ళారట. నాకు తృప్తి లేదు. ఆ గడిలో మా తమ్ముడి పేరు రాయండి అని క్రిస్టినా చేత అడిగించాను. "సాగే లేని పొలానికి సాగుదారు పేరెందుకండి" అన్నాడట అక్కడి గుమాస్తా. నా గాజులు అమ్మి డబ్బు కట్టేసి పథకం వదిలేద్దాం. నువ్వు ఊఁ అను చాలు, వచ్చే వర్షాలకి మళ్ళీ నాట్లు వేసుకుందువు.

పురుషోత్తం గారిని ఒక పన అడిగితే ఇవ్వరా? ఈ ఏడాదికి అది పెట్టరాదూ?

చెవి మిషను పెట్టె విప్పలేదని క్రిస్టినా చెప్పింది. నా మీద కోపం దాని మీద చూపించకు. కోత పండుగకి పెట్టుకుని వెళ్ళు. ఇరవై ఏళ్ళయింది కదా నువ్వు గుళ్ళో పాట విని. ఇదొక్కటీ నాకోసం చెయ్యి.

పలక కిందకి దింపించాను.

నీ అక్క.


పెనుమూడి,
2026 జనవరి 20.

అక్కకి,

నీ ఉత్తరం వచ్చి నెలయింది. పండుగ అయ్యాక రాద్దామని ఆగాను. మొన్న మూడో ఆదివారం కోత పండుగ జరిగింది.

గాజులు అమ్మకు. అవి అమ్మవి. పథకం వదలక్కర్లేదు. నేల బాగుపడుతోంది అక్కా, అబద్ధం ఎందుకు చెప్పాలి. మొన్న పారతో తవ్వి చూశాను. మెత్తగా నల్లగా ఉంది, వానపాములు కనపడ్డాయి. తెల్లగా ఉప్పు తేలేది కదా కాలవ పక్క, అది సగానికి తగ్గింది. నేలకి నువ్వు మంచే చేశావు. మూడేళ్ళు గడిచేసరికి నాకు అరవై నాలుగు వస్తాయి. అప్పటికి దిగగలిగితే దిగుతాను.

ఎందుకు చెప్పలేదని అడిగావు. గోడ మీద ఆ మాట చదివాక నాకు అడిగే హక్కు ఉందో లేదో తెలియలేదు. అందుకని పురుషోత్తం గారి నారు రెండు కట్టలు అడిగి తెచ్చుకుని, ఎవరికీ కనపడని మూలలో వేశాను. పైనుంచి ఫోటో తీస్తారని నాకేం తెలుసు.

నీ పేరు ఎందుకు చదివించానంటే, నేను పొలంలో దిగిన మొదటి ఏడాది అయ్యగారు ఎవరి పేరు చెప్పమంటావని అడిగారు. నీ పేరే నోటికి వచ్చింది. పొలం నీది కదా, ఊళ్ళో నిన్ను మరచిపోకూడదని. అంతకన్నా ఏం లేదు.

పురుషోత్తం గారు పన ఇస్తానన్నారు. నేను వద్దన్నాను. ఇంకొకరి కష్టం మన పేరున పెడితే అమ్మ ఊరుకోదు.

నువ్వు చెప్పినట్టే మిషను పెట్టుకుని వెళ్ళాను. ఆ రోజు ఉదయం మాణిక్యం రెండు చెవులకీ పెట్టింది. మొదట అంతా గోలగా ఉంది. బొచ్చెలు, కుక్కలు, బయట ఆటో. తర్వాత మాణిక్యం "వినపడతందా?" అంది. తన గొంతు ముసలిదైపోయింది అక్కా. నేను విన్నప్పుడు అలా లేదు. నేను ఏడుస్తుంటే, మిషను నొప్పి పెడుతోందనుకుని తియ్యబోయింది.

గుళ్ళో పాటలన్నీ విన్నాను. సగం పాటలు కొత్తవి. మన పాత పాట ఒకటి వచ్చినప్పుడు నేను కూడా అందుకున్నాను. నా గొంతు కూడా నాకు కొత్తగా ఉంది.

తర్వాత పనలన్నీ బల్ల ముందు పెట్టారు. అయ్యగారు కాగితం తీసి పేర్లు చదవడం మొదలుపెట్టారు. ఇన్నాళ్ళూ నాకు వినపడేది కాదు కదా, ఆయన పెదాల వంక చూస్తూ ఉండేవాడిని. "సుందరమ్మ" అన్నప్పుడు పెదాలు ఎలా కలుస్తాయో నాకు బాగా తెలుసు. మన పేరు ఎప్పుడూ పురుషోత్తం గారి పాలేరు ప్రకాశం పేరు తర్వాత వస్తుంది. ప్రకాశం పేరు స్పష్టంగా వినపడింది. దాని తర్వాత కారంచేడు నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళ పేరు చదివారు. మనది లేదు. ఉండదని నాకు తెలుసు, నా చేత్తోనే తిరగేశాను కదా. అయినా నేను ఆయన పెదాల వంకే చూస్తున్నాను. ఇరవై ఏళ్ళు చదివినప్పుడు నాకు చెవులు లేవు. చెవులు వచ్చిన ఏడాది ఆ పేరు లేదు.

నీ మీద కోపం లేదు. ప్రభువు సాక్షిగా లేదు. బాధ ఉంది, అది నువ్వు పెట్టింది ఒక్కటే కాదు, నేను పెట్టుకున్నది కూడా.

ఇప్పుడు ఫోనులో కొంచెం కొంచెం వినపడుతోంది. నీ గొంతు వినాలని ఉంది. ఆదివారం గుడి అయ్యాక చెయ్యి. నీ తుంటి సంగతి చెప్పు, క్రిస్టినా సంగతి చెప్పు, నన్ను తిట్టు, ఏదైనా మాట్లాడు. పొలం సంగతి మాత్రం ఫోనులో ఎత్తకు. అది ఎప్పటిలాగే ఉత్తరంలో రాయి. నేను మిషను తీసి పక్కన పెట్టుకుని చదువుకుంటాను.

నీ తమ్ముడు,
చిట్టిబాబు.